బోర్డుకు అటువైపు

చెల్లెలి చేపల పుస్తకంలో రాతిచేప ఉండాల్సిన ఆకు లేదు. కుట్టు దగ్గర బ్లేడుతో కోసేసిన అంచు మాత్రం మిగిలింది.

అక్క ఆ అంచును వేలితో తడిమింది. చెల్లెలిని పొట్టన పెట్టుకున్నది రాతిచేపేనని డాక్టరు చెప్పాడు. పగడాల మధ్య రాయి అనుకుని చెయ్యి ఆనిస్తే విషపు ముళ్లు దిగాయట. పడవ ఒడ్డుకు చేరేలోపే ప్రాణం పోయింది.

అప్పటినుంచి అమ్మది ఒకటే మాట. "పుస్తకాల కొట్లో ఉద్యోగం. తోడబుట్టినదానికి పనికొచ్చే పుస్తకం ఒక్కటి చూసివ్వలేకపోయావు."

ఆ మాట నిజమేమోనన్న భయంతోనే ఆమె చెల్లెలి సంచి విప్పింది. పుస్తకం ఎంచింది తనే మరి. మావయ్య పడవ మీద సందర్శకులకు చేపలు చూపించే పనిలో చేరేముందు, చెల్లెలు పుస్తకాల కొట్టుకు వచ్చి తళతళలాడే లావుపాటి పుస్తకం ఒకటి పట్టుకుంది.

"ఇది చూడవే, పెళ్లి ఆల్బంలా ఉంది."

"ఆల్బమే. అన్నీ ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలు. లోతుకెళ్తే ఎరుపు నల్లగా కనబడుతుంది, ఒక్కదాన్నీ పోల్చుకోలేవు. గీసిన బొమ్మలున్నది తీసుకో. రంగుని బట్టి కాదు, ఒంటి తీరుని బట్టి కుటుంబాలుగా సర్దారు. ముల్లు గుచ్చుకుంటే ఏం చెయ్యాలో కూడా ఉంది."

"ఈత రాదు గానీ సముద్రాన్ని ఔపోసన పట్టినట్టు చెప్తావు."

నవ్వుతూనే తీసుకెళ్లింది.

అక్క పుస్తకం పట్టుకుని రేవుకు వెళ్లింది. చెల్లెల్ని బుడగ అని ముద్దుగా పిలిచే మావయ్య పడవలో కూర్చుని, మురికే లేని నిచ్చెనను తోముతున్నాడు.

"ఈ ఆకు ఎవరు కోశారు, మావయ్యా?"

అతను ఇంకా గట్టిగా తోమాడు. నిచ్చెన పక్కన చెక్క బోర్డు వేలాడుతోంది. దాని మీద ఈకల్లాంటి రెక్కలు విప్పుకున్న చారల చేప బొమ్మ. ఆ గీత ఎక్కడిదో ఆమెకు వెంటనే తెలిసింది. అంటించిన కాగితం తుంపర్లకు ఒక మూల అప్పటికే లేచి ఉంది. తడిగుడ్డతో నానబెట్టి మెల్లగా ఒలిచింది.

వెనకవైపు గడ్డకట్టిన బురదలాంటి ముద్ద, దానికో నోరు. ఈకల చేపకు బంధువు రాతిచేప. ఆమె ఏరికోరి ఎంచిన పుస్తకంలోని కుటుంబాల వరసే ఆ రెండింటినీ ఒకే ఆకుకు చెరోవైపు ఎక్కించింది. కింద రాసి ఉంది: గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పడవలోనే టీ కాచే స్టవ్వు ఉంది. ఆమె దానివైపు చూసింది. అతనూ చూశాడు. తోముడు ఆగింది.

"నేనే కోశా" అన్నాడు మావయ్య. "వచ్చినవాళ్లందరూ ఈకల చేప ఎక్కడ, ఈకల చేప ఎక్కడ అని నా ప్రాణం తోడేస్తుంటే, బొమ్మ పెడదామనుకున్నా. మన బుడగని అడిగితే ఇవ్వదు, అక్క ఇచ్చిన పుస్తకం అంటుంది. బుడగ నీళ్లలో ఉన్నప్పుడు కోశా. రోజుకో కుటుంబం చదివేది, ఇంకా అక్కడిదాకా రాలేదు. మీ అమ్మ నిన్ను ఆడిపోసుకుంటుంటే గుమ్మంలోనే నిలబడి విన్నా, నోరు పెగల్లేదు. వెనక్కి తిప్పి చూడలేదని చెప్దామనుకున్నా. చూశానమ్మాయ్. మొత్తం చదివా. ఇంత వికారపు చేపని ఎవరడుగుతారులే అని అటువైపే జిగురు పూశా. బుడగ అరిచినప్పుడు వేడా, చల్లనా అని ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. బోర్డు నా భుజానికి కొట్టుకుంటూనే ఉంది. ఐసు పెట్టాను."