మేడమ్ రాయాల్సిన ఉత్తరం

శుక్రవారంలోగా ఉత్తరం చేరకపోతే మా అమ్మాయి తనుశ్రీ దరఖాస్తు చెల్లదు. అప్లైడ్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీకి తను ఎంచుకున్న విశ్వవిద్యాలయం మార్కులతోపాటు, పాఠం చెప్పినవాళ్ళు రాసిన సిఫారసు ఉత్తరం కూడా అడిగింది. ల్యాబ్ చూసే ఇంద్రాణి మేడమ్ ఒప్పుకున్నారు. కాకపోతే ఆ కాలేజీలో ఒక అలవాటుంది. ఉత్తరం విద్యార్థే రాసుకుని తీసుకెళ్ళాలి, టీచర్ సంతకం పెట్టి పంపిస్తారు.

బుధవారం మధ్యాహ్నం తనుశ్రీ ఆ కాగితం నా చేతిలో పెట్టింది, ఇంగ్లీషులో తప్పులుంటే చూడమని. నేను బి.ఏ. చదివాను. ఉత్తరాదిన ఈ బారిడీహ్‌లో, తెలుగువాళ్ళుండే మా వరస ఇళ్ళలో ఎవరి అర్జీ అయినా నా దగ్గరికే వస్తుంది.

తప్పులు లేవు. అసాధారణ ప్రతిభ అని రెండుసార్లు, పుట్టుకతో నాయకురాలు అని ఒకసారి ఉంది. ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగాను.

“సైన్స్ క్లబ్‌ని రెండేళ్ళు నడిపిందని ఉంది. ఎప్పుడు నడిపేవే?”

“సీనియర్ దీదీ కా లెటర్ హై, మమ్మీ. సబ్ యహీ దేతే హైఁ.” నేను తెలుగులో అడగడం, తను హిందీలో జవాబివ్వడం మా ఇంట్లో మామూలే.

“సీనియర్ ఉత్తరం దింపేసేవా? అందరూ ఇదే ఇత్తే, మీ క్లాసు సౌరభ్ కూడా ఇదే ఇచ్చేడా? మీరిద్దరూ ఒక్కచోటికే కదేటి అప్లై చేత్తన్నారు?”

అది కాగితం తీసుకుని ఆ వాక్యం మళ్ళీ చదువుకుంది.

బియ్యం ఏరుతున్న మా అత్తగారు జోగమ్మ తలెత్తారు. “పొగుడుకుంటే ఏటయిపోద్దే? సంబంధం చూసినప్పుడు మీ అమ్మ పాటలు పాడతాదని చెప్పేరు. ఇరవై నాలుగేళ్ళయింది, ఒక్క పాట విన్నానేటి?”

“అందుకే అడుగుతున్నానత్తా. రేపు వాళ్ళు పాడమంటే ఇదేటి పాడతాది?”

తనుశ్రీ నవ్వింది. అంతలోనే కళ్ళు తుడుచుకుంది. ఏడుపొస్తే దానికి తెలుగే వస్తుంది. “మరేం రాయను? నేను ల్యాబ్ రికార్డు లేటుగా ఇచ్చినదాన్నని తప్ప మేడమ్‌కి నా గురించి ఏం తెల్దు. మార్కులు కూడా కోసేరు.”

“లేటెందుకయింది?”

చెప్పింది. చిన్న ఓవెన్‌లో జెర్మేనియం ముక్కను వేడిచేస్తూ దాని నిరోధం కొలవాలి. వేడెక్కేటప్పుడు వచ్చిన అంకెలు, చల్లారేటప్పుడు వచ్చిన అంకెలు కలవలేదు. మిగతావాళ్ళు మొదటి వరస మాత్రమే రాసి ఇచ్చేశారు. ఇది ఆరు మధ్యాహ్నాలు అక్కడే కూర్చుంది. తీగెలు వదులయ్యాయనుకుని అన్నీ మార్చింది. కారణం అది కాదు. ఓవెన్ మరీ త్వరగా వేడెక్కుతుంటే, ముక్క వేడి ఒకటి, థర్మామీటరు చూపించేది ఒకటి అవుతోంది. వేడి తగ్గించి, ప్రతి ఐదు డిగ్రీల దగ్గరా పది నిమిషాలు ఆగితే రెండు వరసలూ కలిశాయి.

“ఇది మేడమ్‌కి తెల్సా?”

“రికార్డులో ఉంది. చదివేరో లేదో.”

“ఇదే రాయి. తీగెల సంగతీ, లేటు సంగతీ కూడా.”

“అప్నీ గల్తీ లిఖూఁ?”

“నీ తప్పని కాదే, జరిగింది రాయమంటన్నాను.”

రెండుసార్లు తిరగరాయించాను. ‘వెరీ’ అన్న మాట కనిపించిన ప్రతిచోటా కొట్టేశాను.

గురువారం నాలుగింటికి తనుశ్రీ కాలేజీ నుంచి ఫోను చేసింది. మేడమ్ ఉత్తరం చదివి, బీరువాలోంచి దాని రికార్డు తీయించి, పేజీలన్నీ తిరగేశారట. తర్వాత, “దీనిమీద నేను సంతకం పెట్టను,” అన్నారట.

“మరి?”

“తనే రాస్తారట మమ్మీ! మొదటిసారి తప్పుగా ఊహించావని రాస్తే నీకు ఇబ్బందా అని అడిగేరు.”

“నువ్వేటన్నావు?”

“రాయండి మేడమ్ అన్నాను. ఇప్పుడు కంప్యూటర్ ముందున్నారు. నాకు చూపించరట. సౌరభ్‌ని కూడా వాడి రికార్డు తెమ్మన్నారు. పాపం, పరిగెట్టేడు.”

ఆ సాయంత్రం ఉత్తరం అందినట్టు దరఖాస్తు పేజీలో కనిపించింది. అందులో ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తనుశ్రీ మాత్రం భోంచేసి వచ్చి, ఇన్నాళ్ళూ మనకెక్కడ వస్తుందిలే అని పక్కన పెట్టిన ఇంకో విశ్వవిద్యాలయం ఫారం తెరిచి కూర్చుంది.