మిషనొదిన ఎడమ బొటనవేలు

ఇంట్లో అందరికీ ఆవిడ మిషనొదిన. టైపు చేస్తుంటే వేళ్లు అలా పరిగెత్తేవి మరి. కాలేజీలో లెక్చరర్ మాట పూర్తిచేసేలోపే ఆ మాట తెర మీద అక్షరమై కూర్చునేది. చెవులు వినపడని ఒక విద్యార్థిని ఆ తెర చూస్తూనే పాఠం వినేది.

మెట్ల మీద జారిపడి మిషనొదిన ఎడమచెయ్యి విరిగింది. కట్టు విప్పాక చిటికెనవేలూ ఉంగరం వేలూ కర్రముక్కల్లా ఉండిపోయాయి. ఆవిడ నేర్చిన తెలుగు టైపింగులో గుణింతాలన్నీ ఎడమచేతి వాటాయే.

"కొత్త టర్ములో మొదటి క్లాసు చూస్తాను. అందుకోలేకపోతే ఇంకొకర్ని పెట్టుకోక తప్పదమ్మా," అన్నాడు ప్రిన్సిపాలు, మర్యాదగానే.

"మంచి కీబోర్డు చూద్దాం పద వదినా," అన్నాడు మరిది. "వైరు లేనిదైతే పగలు నీ ఉద్యోగానికి, సాయంత్రం నా ఆటలకి."

"రెండిళ్ల చుట్టం పస్తు పడుకుందట!" అంది మిషనొదిన.

దుకాణంలో అమ్మాయి చిన్న తీగ పట్టుకారుతో కీబోర్డు మీది ఒక మీటని పైకి లాగింది. కింద గోరంత డబ్బా. దాన్ని కూడా ఊడదీసి మిషనొదిన అరచేతిలో పెట్టింది. అందులో వెంట్రుకంత సన్నటి స్ప్రింగు.

"ఏ బటన్ కింద ఏ స్ప్రింగు కావాలంటే అది పెట్టుకోవచ్చక్కా. ఏది నొక్కితే ఏ అక్షరం పడాలో కూడా మీ ఇష్టం."

మిషనొదిన ఆ డబ్బా వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లూ మీటలు చెప్పినట్టల్లా వేళ్లే ఒదిగాయి. మీటలు కూడా ఒదుగుతాయని ఎవరు అనుకున్నారు?

"అన్నిటికన్నా మెత్తనివి పెట్టమ్మా," అంది ఆశగా. ఆటకీ అవే మేలని మరిది సంబరపడ్డాడు.

తీరా టైపు చెయ్యబోతే, మీటల మీద వేళ్లు ఆనించి ఉంచడం చేతికి పట్టిన పాత అలవాటాయె. బిగుసుకున్న రెండు వేళ్లూ లేవవు. వాటి బరువుకే తెర నిండా ఏత్వాలు వడగళ్లలా రాలాయి. మిషనొదిన చెయ్యి తీసి ఒళ్లో దాచుకుంది.

"పద, ఇంటికి పోదాం."

మరిది కదల్లేదు. "ఆటలో నేను పరిగెడుతూనే బొటనవేలితో డాలు ఎత్తుతాను. నీ ఎడమ బొటనవేలు ఏం చేస్తుంది వదినా?"

ఆవిడ చూసుకుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కొట్టేది కుడిది. ఎడమది ఇన్నేళ్లూ గాల్లో వేలాడుతూ కాలక్షేపం చేసింది.

"ఏమీ చెయ్యదు."

"ఇల్లరికపుటల్లుడన్నమాట!"

"మరిదిలాగా అనలేదు నేను, సంతోషించు," అంది మిషనొదిన.

దుకాణం అమ్మాయి నవ్వుతూ ఇంకో కీబోర్డు తెచ్చింది. దానికి కింద పొడుగు మీట రెండు ముక్కలు. ఎడమ ముక్క బొటనవేలిది. అది నొక్కి పట్టి నడిమివేలితోనో చూపుడువేలితోనో కొడితే, కదలని వేళ్ల అక్షరాలు పడేలా అమర్చింది. ఆ వేళ్ల కింద బిరుసు స్ప్రింగులు పెట్టింది, హాయిగా వాలి పడుకోమని.

మిషనొదిన మెల్లగా 'మేలు' అని కొట్టింది. పడింది. మళ్లీ కొట్టింది. మళ్లీ పడింది. గుక్కెడు నీళ్లు అడిగింది.

ఆ తరవాత మరిది తన పాతదాంతోనే ఆడుకుంటూ నోటికొచ్చినట్టు వాగేవాడు, ఈవిడ టైపు చేసేది. మొదట్లో వాడి తిట్లు సగమే పడేవి. పోనుపోను వాడు ఊపిరి పీల్చుకునే చోట ఈవిడ వేళ్లు ఎదురుచూడడం మొదలుపెట్టాయి.

మొదటి క్లాసు. ప్రిన్సిపాలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లెక్చరర్ పక్షుల గురించి అందుకున్నాడు. ఎగరడానికి తేలిగ్గా ఉండాలి గనక వాటి ఎముకలు లోపల బోలుగా ఉంటాయంటున్నాడు. ఆ వాక్యం ఇంకా ముగియనేలేదు, ముందు బెంచీలో చెయ్యి లేచింది.

లెక్చరర్ ఆగాడు.

"మరి నీళ్లలో మునిగి ఈదే పక్షులకో?" అంది ఆ విద్యార్థిని తెర మీంచి చూపు తిప్పి, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ.

లెక్చరర్ ముఖం వెలిగింది. క్లాసు నవ్వుతూ అటు తిరిగింది. ప్రిన్సిపాలు చప్పుడు చెయ్యకుండా తలుపు చేరవేసి వెళ్లిపోయాడు. మిషనొదిన అవేవీ చూడలేదు. ఆ ప్రశ్న అప్పటికే తెర మీద ఉంది. తను కొట్టిన గుర్తు లేదు. మీట మీద తనంతట తనే వాలి లేస్తున్న బొటనవేలిని, పిట్టని బెదరగొట్టకుండా చూసినట్టు, ఊపిరి బిగబట్టి చూస్తోంది.