ప్యాకెట్టు మీది తమ్ముడు

బిస్కెట్ ప్యాకెట్టు మీద ప్రొఫెసరుగారు నవ్వుతున్నారు. ఒంటి మీద తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, పక్కనే పెద్ద అక్షరాల్లో ఆయన మాట: "మితంగా తింటే మేలే." ఆయన తిండి మీద పరిశోధనలు చేసే మనిషే గానీ జన్మలో ఒక్క రోగి చెయ్యి పట్టుకుని చూసింది లేదు. ఫొటో తీసేవాడు స్టెతస్కోపు మెడలో వేస్తే మొహమాటపడి ఊరుకున్నారు. ఆయన మొహమాటాల చరిత్ర పెద్దదే.

బిస్కెట్ల కంపెనీవాళ్ళు ఆయన ల్యాబుకి కొత్త యంత్రం కొనిచ్చి, తమ బిస్కెట్ల మీద పరిశోధన చెయ్యమన్నారు. బిస్కెట్లు తిన్నవాళ్ళని ఏమీ తిననివాళ్ళతో పోలిస్తే ఫలితం చేదుగా ఉండేది. అందుకని కేకులు తిన్నవాళ్ళతో పోల్చారు. బిస్కెట్లు దర్జాగా గెలిచాయి. అయినా మనసొప్పక, చివర్లో "తగ్గించాలి" అని ఒక ముక్క రాశారు ప్రొఫెసరుగారు. అది చూసి కంపెనీ మేనేజరు పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెట్టాడు.

"తగ్గించాలంటే జనం హడలిపోతారు సార్. మితంగా అనండి. అర్థం ఒకటేగా?"

అర్థం ఒకటి కాదని ఆయనకి తెలుసు. యంత్రం వైపు చూశారు. దాని మీద ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తియ్యలేదు. సరేనన్నారు.

అక్కడితో ఆ గొడవ వదిలిపోయేదే. కానీ ఆయనకో అక్క ఉంది. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆవిడకి చాన్నాళ్ళుగా షుగరు. ఈమధ్య కాలి బొటనవేలికి లేచిన పుండు మానకుండా మొరాయిస్తోంది. ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాలని డాక్టరు చెప్పాడని తెలిసి, ప్రొఫెసరుగారు ఆదరాబాదరాగా అక్క ఇంటికి వెళ్ళారు. వంటింటి గట్టు మీద వరసగా ఆయనే నవ్వుతూ ఎదురొచ్చారు.

"ఇవన్నీ నువ్వే తింటున్నావా అక్కా?"

"మితంగానేరా. పొద్దున్నే మితంగా, సాయంత్రం టీలోకి మితంగా, రాత్రి నిద్రపట్టకపోతే మితంగా."

"నీకసలు వద్దక్కా. పూర్తిగా మానెయ్."

అక్క ఒక ప్యాకెట్టు తీసి ఆయన మొహం పక్కన పెట్టి చూసింది. "మరి వీడు తినమంటున్నాడుగా?"

"వాడూ నేనే!"

"వాడు చదువుకున్నవాడిలా ఉన్నాడు. నువ్వేమో గడ్డం కూడా గీసుకోలేదు. ఇంట్లో నోటికొచ్చింది అంటావురా. అది నలుగురి కోసం అచ్చు వేయించిన మాట."

ఆయన బతిమాలారు, కోప్పడ్డారు, చివరికి ప్యాకెట్లన్నీ చెత్తబుట్టలో పడేశారు. అక్క వాటిని ఒక్కొక్కటే ఏరి, కొంగుతో తుడిచి, మళ్ళీ గట్టెక్కించింది. తమ్ముడి మొహం చెత్తలో ఉంటే చూస్తూ కూర్చునే మనిషి కాదు.

కొన్నాళ్ళకి కంపెనీవాళ్ళు కొత్తరకం బిస్కెట్టు విడుదలకి సభ పెట్టారు. ప్రొఫెసరుగారి అక్కగారని ఆవిడని కారులో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. కాలికి కట్టు, పట్టీ కోసేసిన చెప్పు. కుర్చీకో ప్యాకెట్టు పంచారు. ప్రొఫెసరుగారు మైకు ముందుకొచ్చేసరికి అక్క ప్యాకెట్టు విప్పి, ఒకటి చేతిలోకి తీసుకుని, గర్వంగా చూస్తోంది.

"తినకండి," అన్నారాయన. "షుగరున్నవాళ్ళు అసలు ముట్టుకోకండి. కేకుల మీద పోటీకి పెట్టి గెలిపించాం. మితంగా అన్నది నా మాట కాదు, వీళ్ళది. దానికి తలూపిన వెధవ మాత్రం నేనే."

హాలంతా గొల్లున నవ్వింది. సార్ భలే జోకులేస్తారని ఎవరో మెచ్చుకున్నారు. మేనేజరు చెమటలు తుడుచుకుంటూ మైకు లాక్కున్నాడు.

"సార్ చెప్పేదేంటంటే, మితంగా తినమని!"

చప్పట్లు మోగిపోయాయి. అక్క ఒక్కతే కొట్టలేదు. చేతిలో బిస్కెట్టుని మళ్ళీ ప్యాకెట్టులో పెట్టి, దాని మూతి మడిచింది. తమ్ముడు దిగి పక్కన కూర్చున్నాక, కాలి కట్టు వైపు చూసుకుంటూ నెమ్మదిగా అడిగింది.

"మరి ఈ ముక్క ప్యాకెట్టు మీద ఎందుకు వేయించలేదురా?"

చెప్పడానికి ఆయనకి మొహం చెల్లలేదు. చెల్లుబాటయ్యే మొహం అక్క ఒళ్ళో, ప్యాకెట్టు మీద నవ్వుతూనే ఉంది.