పిన్నితో ఎనిమిది వారాలు

ఇంట్లో ఆ అమ్మాయిని అందరూ ర్యాంకమ్మ అనే పిలిచేవారు. ఒకటో తరగతి నుంచి డిగ్రీ రెండో ఏడు దాకా మొదటి ర్యాంకు ఇంకొకరికి వదిలిన పాపాన పోలేదు. ఆమె పిన్ని సంగతి వేరు. పద్దెనిమిదేళ్ళు కుట్టుమిషను తొక్కి, పిల్లలు కాస్త చేతికందాక, "ఇక నా వంతు" అని ముప్ఫై తొమ్మిదో ఏట అదే కాలేజీలో చేరి, అక్క కూతురి తరగతిలోనే వెనక బెంచీలో వచ్చి కూర్చుంది. మొదట్లో ర్యాంకమ్మకి అది సరదాగానే ఉండేది. నోట్సులిచ్చేది, పరీక్షలప్పుడు కూర్చోబెట్టి చదివించేది. పిన్ని అత్తెసరు మార్కులతో గట్టెక్కితే తనే గెలిచినంత సంబరపడేది.

రెండో ఏడు చివర నోటీసు బోర్డు మీద ఒక కాగితం పడింది. సెలవుల్లో ఎనిమిది వారాల పరిశోధన. డిగ్రీ విద్యార్థులకు మాత్రమే. స్టైపెండు ఇస్తారు. ఒక్కో అధ్యాపకురాలి కింద ఇద్దరిని తీసుకుంటారు. ర్యాంకమ్మ కంప్యూటరు ముందు కూర్చుని దరఖాస్తు నింపుతుంటే పక్కనున్న పిన్ని, "నాదీ ఒకటి పడెయ్యవే, పోయేదేముంది?" అంది.

"నీకున్న ప్రత్యేక నైపుణ్యాలు అంటున్నారు పిన్నీ, ఏం రాయను?"

"కాజాలు బాగా కుడతానని రాయి."

ర్యాంకమ్మ పకపకా నవ్వుతూ అలాగే రాసింది. నెల తిరక్కుండానే జాబితా వచ్చింది. తేనెటీగల మేడమ్ దగ్గర ఇద్దరు: ర్యాంకమ్మ, ఆమె పిన్ని.

ఆ మేడమ్ పరిశోధన వినడానికి తేలికే. పెద్దరోడ్డు పక్క పట్టిన తేనెటీగలు కొన్ని, ఊరి చివర తోటలో పట్టినవి కొన్ని, చిన్న చిన్న సీసాల్లో స్పిరిట్లో మునిగి ఉన్నాయి. ఒక్కోదాని కుడి ఎడమ రెక్కలు తీసి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద ఫొటో తీసి పొడవు కొలవాలి. రోడ్డు పొగ పీల్చి పెరిగిన ఈగలకు రెండు రెక్కలూ సమానంగా ఎదగవని మేడమ్ అనుమానం. రెండేళ్ళుగా ఆ అనుమానాన్నే పట్టుకుని ఉంది.

మొదటిరోజే ర్యాంకమ్మకి ఎదురుదెబ్బ తగిలింది. ఆమె పట్టకారు పెట్టి లాగితే రెక్క చిరిగేది. చిరక్కుండా వస్తే పలక మీద ముడుచుకుపోయేది. పూటంతా తంటాలుపడి నాలుగు చేసింది. పిన్ని ముప్ఫై చేసింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, మోచేతులు బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి, తడి రెక్కని సూదిమొనతో జార్జెట్టు గుడ్డ సవరించినట్టు సవరించేది.

"అబ్బ, మీ చేతులు భలే ఉన్నాయండీ!" అంది మేడమ్.

ర్యాంకమ్మని 'నువ్వు' అనే మేడమ్, పిన్నిని 'మీరు' అంటోంది. వయసుకిచ్చే గౌరవమని తెలిసినా, ఆ 'మీరు' ర్యాంకమ్మ చెవిలో ముల్లులా దిగింది. చేతిపనే కదా, ఎవరైనా చేస్తారు, అసలు పని లెక్కల్లో ఉంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఆ పూట నుంచి రెక్కలు పిన్ని తీసేది, కొలతలు ర్యాంకమ్మ తీసేది. కానీ మేడమ్ గదిలోకి రాగానే నేరుగా పిన్ని బల్ల దగ్గరికే వెళ్ళేది. ఇద్దరూ మైక్రోస్కోపు మీద తలలు వంచి గుసగుసలాడుకుంటుంటే, పిల్లల చదువుల గురించీ నడుంనొప్పుల గురించీ చెప్పుకుని నవ్వుకుంటుంటే, ర్యాంకమ్మ తెర మీద అంకెల్ని చూస్తూ ఒకే వరసని రెండుసార్లు కొట్టేసేది. ఇన్నేళ్ళలో ఏ టీచరూ తనని దాటి ఇంకొకరి దగ్గరికి వెళ్ళింది లేదు. కడుపులో మంట అని అందరూ అంటుంటే మాటవరసకనుకునేది. అది నిజంగానే కడుపులో, బొడ్డుకి కాస్త పైన, మండుతుందని అప్పుడు తెలిసింది.

నాలుగోవారం శుక్రవారం ముగ్గురూ కూర్చున్నారు. రోడ్డు పక్క ఈగల రెక్కల్లో తేడా ఉన్నట్టే అంకెలు చెబుతున్నాయి. మేడమ్ ముఖం వెలిగిపోతోంది. పిన్ని మాత్రం గొంతు సవరించుకుని, "తప్పయితే ఏమనుకోకండి మేడమ్," అంది. "ఇది కత్తిరింపులో తేడా కాదేమో. అరుగుదలేమో."

"అంటే?"

"గుడ్డ కత్తిరించినప్పుడే ఒకవైపు పొట్టిగా పోతే అంచు నున్నగా ఉంటుంది కదండీ. వాడి వాడి అరిగితే అంచు పీచులేస్తుంది. ఈ రెక్కల చివరలన్నీ పీచులేసున్నాయి. పుట్టడం సమానంగానే పుట్టాయి, తర్వాత అరిగాయి. మనం అరిగిన గుడ్డ కొలిచి దర్జీదే తప్పంటున్నామేమో."

మేడమ్ లేచి ఫొటోలు ఒక్కొక్కటే తెరిచి చూసింది. కొలతల పుస్తకం లాక్కుని పేజీలు తిప్పింది. రిమార్కుల గడిలో ముప్ఫై ఒక్క చోట్ల ఒకే మాట ఉంది: 'అంచు పాడైంది.' అంతా ర్యాంకమ్మ చేతిరాతే.

"నువ్వూ చూశావన్నమాట," అంది మేడమ్, మామూలుగానే.

చూసింది. అన్నీ చూసింది. రాసి పక్కన పెట్టేసింది. ర్యాంకమ్మకి తల కొట్టేసినట్టయింది.

ఇక అంచుల జోలికి పోకుండా, రెక్క లోపల ఈనెలు కలిసే చోట్ల మధ్య దూరం మళ్ళీ కొలిచారు. తేడా దాదాపు మాయమైపోయింది. రెండేళ్ళ అనుమానం వీగిపోయినందుకు మేడమ్ బాధపడుతుందనుకుంటే, ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. చివరిరోజు సభలో, కాలేజీ అధ్యాపకులందరి ముందూ, పది నిమిషాలు మాట్లాడే పని పిన్నికి అప్పగించింది.

"నా వల్ల ఏమవుతుందే? నువ్వే కాస్త రాసిపెట్టు," అని పిన్ని ఆ సాయంత్రమే ర్యాంకమ్మ దగ్గరికొచ్చింది.

"తప్పకుండా పిన్నీ. కానీ అక్కడ గుడ్డలూ దర్జీలూ అనకు. నవ్వుతారు. శాస్త్రం మాటల్లోనే చెప్పాలి."

నవ్వుతారని ర్యాంకమ్మ నిజంగానే అనుకుందా? అనుకోలేదు. ఆ మాట అంటున్నప్పుడే ఆ సంగతి ఆమెకి తెలుసు. కూర్చుని నాలుగు పేజీలు రాసింది. నోరు తిరగని మాటలన్నీ ఏరి ఏరి పెట్టింది. పిన్ని వాటిని వారం రోజులు వంటగదిలో, బస్సులో, బట్టలు మడతపెడుతూ బట్టీపట్టింది.

రిహార్సల్ రోజున రెండో వాక్యంలోనే ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది. పైటచెంగుతో మెడ తుడుచుకుంది.

"ఇవి ఎవరి మాటలండీ?" అంది మేడమ్.

"నావే మేడమ్," అంది పిన్ని, ర్యాంకమ్మ వైపు చూడకుండా.

మేడమ్ నిట్టూర్చి, "పోనీ ఈసారికి మీ అక్కగారమ్మాయి మాట్లాడుతుందిలెండి," అంది.

కావలసింది దక్కింది. ఆ సాయంత్రం పిన్ని ఫోనులో ర్యాంకమ్మ తల్లితో, "నీ కూతురు ఆదుకోబట్టి సరిపోయింది అక్కా, లేకపోతే అందరి ముందూ నా పరువు పోయేది," అంటుంటే, పక్కనే కూర్చున్న ర్యాంకమ్మ లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఇద్దరూ సింకు దగ్గర గాజుపలకలు కడుగుతున్నారు.

"పిన్నీ, ఆ మాటలు కావాలనే అలా రాశాను. నీకు నోరు తిరగదని తెలిసే రాశాను."

పిన్ని కుళాయి కట్టేసింది. "ఎందుకే?"

"ఓర్చుకోలేక."

పిన్ని నవ్వేస్తుందనో, దగ్గరికి తీసుకుంటుందనో ఏదో మూల ఆశ ఉండింది ర్యాంకమ్మకి. అలాంటిదేమీ జరగలేదు.

"వారం రోజులు నేనొక మొద్దుననుకున్నానే," అంది పిన్ని. "ఈ వయసులో నాకీ చదువులేంటి, మానేద్దాం అనుకున్నాను. నీ కాగితం పట్టుకుని ఏడ్చాను. నువ్వు నా మంచికే రాశావని నీ మీద ఈగ వాలనివ్వలేదు. నీకేం తక్కువ చేశానే నేను?"

పిన్ని చేతులు తుడుచుకుని తిన్నగా మేడమ్ గదికి వెళ్ళింది. ర్యాంకమ్మ పేరెత్తలేదు. "నేనే మాట్లాడతాను మేడమ్, నా మాటల్లో మాట్లాడతాను," అని మాత్రం అంది. ఆ తర్వాత ర్యాంకమ్మే వెళ్ళి జరిగింది చెప్పుకుంది. మేడమ్ అంతా విని, "సభలో స్లైడ్లు నువ్వు తిప్పు," అంది. తిట్టినా బాగుండేది.

సభలో పిన్ని పాత జాకెట్టొకటి తెచ్చి, అరిగిన చేతి అంచు అందరికీ చూపించి మొదలుపెట్టింది. నవ్వారు, కానీ ఆమెతో కలిసి నవ్వారు. ఇచ్చిన పది నిమిషాలూ అయిపోయి పావుగంట దాటినా ఎవరూ గంట కొట్టలేదు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన, ఆ పీచులు ఎన్నాళ్ళకి లేస్తాయని అడిగితే, "అది తెలీదండీ, కనుక్కోవాలి," అంది. ఆ జవాబుకే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. అది కనుక్కోవడానికి మూడో ఏడంతా తన దగ్గరే పనిచెయ్యమని మేడమ్ అక్కడే ఆమె భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. ర్యాంకమ్మని అడగలేదు.

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ర్యాంకమ్మ ఆ చెయ్యి వైపే చూసింది. తప్పు ఒప్పుకుంటే పోతుందనుకున్న మంట పోలేదు, ఎక్కడుందో అక్కడే ఉంది. సిగ్గు వచ్చి దాని పక్కన కూర్చుంది, అంతే. ఇక ఈ రెండింటితోనూ మూడో ఏడు చదవాలన్నమాట అనుకుంది.

పిన్ని పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు పొద్దున తలుపు దగ్గర నిలబడి, చెప్పులు విప్పకుండానే, "కంప్యూటర్లో ఆ అంకెలకి సగటు తీయడం రావట్లేదు. వచ్చి చూపిస్తావా, లేక వేరే ఎవర్నైనా అడుక్కోనా?" అంది.

"వస్తున్నా పిన్నీ," అని ర్యాంకమ్మ లేచింది.

"నిదానంగా చెప్పాలి. నాకర్థమయ్యే మాటల్లో."

"అలాగే."

దారంతా పిన్ని రెండడుగులు ముందే నడిచింది.