లంగరేసిన ఓడ దాకా

మా బావ ఉన్న ఓడ మా మేడ మీద నుంచి కనిపిస్తుంది. అదీ మా ఖర్మ. కనిపించకపోతే ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడులే అని సరిపెట్టుకునేవాళ్ళం. రేవుకి అవతల, బొటనవేలి గోరంత, ఎప్పుడు చూసినా అక్కడే ఉంటుంది. అక్క రోజూ తడిబట్టలు దులిపి ఆరేస్తూ అటు చూస్తుంది. నేను చూడను. చూస్తే ఒళ్ళు మండుతుంది.

బావ ఆ ఓడ ఇంజను గదిలో మెకానిక్కు. సరుకు దించి లంగరేశాక ఓడ యజమాని మొహం చాటేశాడు. ఆఫీసుకి తాళం, ఫోను చేస్తే ఎత్తే దిక్కు లేదు. జీతాల సంగతి దేవుడెరుగు, ఆయిలు కూడా పంపలేదు. ఆయిలు లేకపోతే ఓడలో దీపం వెలగదు, ఫోనుకి ఛార్జింగు ఉండదు. పోనీ దిగి వచ్చేయొచ్చు కదా అంటే, మనుషులు లేకుండా ఓడని వదలకూడదట, రూలట. ఎవడి రూలో వాడొచ్చి ఆ ఓడలో నాలుగు రోజులుంటే తెలుస్తుంది. రేవు ఆఫీసు చుట్టూ అక్కా నేనూ కాళ్ళరిగేలా తిరిగాం. అక్కడి ఆఫీసరు మంచివాడే. "కాగితాలు పైకి వెళ్ళాయమ్మా" అంటాడు. ఏ పైకో ఆయనకీ తెలీదు.

మొదట్లో రేవు పడవ ఒకటి వాళ్ళకి నీళ్ళూ తిండీ ఇచ్చి వచ్చేది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న తగాదాలో అది కూడా ఆగింది. మాలాంటి వాళ్ళు వేరే పడవ మాట్లాడుకుని వెళ్దామంటే కాపలా పడవ సగంలోనే వెనక్కి తరిమేస్తుంది. చివరిసారి ఫోను చేసినప్పుడు బావకి జ్వరం. "ఛార్జింగు అయిపోతోంది, కంగారు పడకు" అని పెట్టేశాడు. ఆ తర్వాత చేపల రేవులో ఒక పుకారు పుట్టింది, ఓడలో ఎవరో పోయారని. ఎవరు పోయారో చెప్పేవాడు లేడు. ఆఫీసరుని అడిగితే నీళ్ళు నమిలాడు.

ఆ రోజు అక్క తిన్నగా నా గదిలోకి వచ్చింది. తను ఒక బట్టల కొట్లో కొలతలు సరిచేసే పని చేస్తుంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"నీ తూనీగ అక్కడి దాకా పోదురా?" అంది.

తూనీగ అంటే నా డ్రోను. ఇళ్ళు అమ్మేవాళ్ళకి పైనుంచి వీడియోలు తీసిపెట్టడం నా పని. అరచేతిలో పట్టేంత కెమెరా డ్రోను అది, కొత్తదేం కాదు. పెంకులు లెక్కపెట్టడానికి పనికొస్తుంది గానీ సముద్రం దాటడానికి కాదు.

"పోదక్కా," అన్నాను.

"పెట్టె మీద ఏదో దూరం రాసి ఉంటుందిగా."

"పెట్టె మీద రాసేవాడు ఖాళీ మైదానంలో నిలబడి రాస్తాడు. ఇక్కడ ఇంటింటికీ వైఫై. అన్నీ ఒకదాని మీద ఒకటి అరుస్తుంటే మన సిగ్నల్ ఎవడికి వినపడుతుంది?"

"ఆయన ఉన్నాడో లేడో చూసి చెప్పు చాలు. ఇంకేం అడగను."

అలా అడిగితే ఏం చేస్తాను? మేడ మీద నుంచి ఎగరేశాను. సగం దూరం వెళ్ళేసరికి తెర మీద బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోయింది. సిగ్నల్ తెగితే తనంతట తాను వెనక్కి వచ్చేలా డ్రోనులో ఏర్పాటు ఉంటుంది, అందుకని బుద్ధిగా తిరిగొచ్చింది. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో బావ ఎక్కడైనా అంటుకుని ఉంటాడేమో అన్నట్టు చూసింది పిచ్చిది.

అప్పట్నుంచి నాకు పట్టుదల వచ్చింది. ముందు ఒక బూస్టరు కొన్నాను. అది పెనంలా కాలడం తప్ప ఏమీ చేయలేదు, పైగా ఉన్న దూరం కూడా తగ్గింది. దాన్ని మూలకి విసిరేశాను. తర్వాత తెలిసింది, తప్పు నా చేతుల్లోనే ఉందని. రిమోటు పైన రెండు కొమ్ముల్లాంటి యాంటెన్నాలుంటాయి. వాటి కొనల్ని డ్రోను వైపు వేలెత్తి చూపించినట్టు గురిపెట్టడం నా అలవాటు. సిగ్నల్ కొనల్లోంచి రాదట, పక్కల నుంచి వస్తుందట. అంటే ఇన్నాళ్ళూ సిగ్నల్ బాగా బలహీనంగా ఉండే వైపే డ్రోనుకి చూపిస్తున్నానన్నమాట. నన్ను నేను తిట్టుకోవడానికి కూడా మాటలు సరిపోలేదు. కొమ్ముల్ని నిటారుగా నిలబెడితే ముక్కాలు దూరం పోయింది.

ఇంకొంచెం కావాలి. రిమోటుని దానంతట అది ఛానెల్ వెతుక్కోనివ్వకుండా, రద్దీ తక్కువున్నది నేనే చూసి పెట్టాను. మేడ మీద నీళ్ళ ట్యాంకు ఎక్కి నిలబడ్డాను. చివరికి బిస్కెట్ల డబ్బా రేకు కత్తిరించి, వంచి, కొమ్ముల వెనక నిలబెట్టాను. అలా పెడితే వెనక్కి వృథాగా పోయే సిగ్నల్ కూడా ముందుకే వెళ్తుంది. కాకపోతే ఒక తిరకాసుంది. రేకు ఎటు చూస్తే అటే దారి. చెయ్యి కాస్త పక్కకి తిరిగిందా, బొమ్మ పోయినట్టే.

"నన్ను మాత్రం ముట్టుకోకు," అని అక్కకి ముందే చెప్పాను. తను తలూపి, కొంగు దోపుకుని, నా పక్కనే ట్యాంకు మీద నిలబడి తెరలోకి చూసింది.

ఆ పొద్దున గాలి లేదు. నీళ్ళ మీద ఎత్తుగా పోనిచ్చాను. ఇదివరకు ఆగిపోయిన చోటు దాటింది. బొమ్మ చెదరలేదు. గోరంత ఓడ పెరిగి పెరిగి తెరంతా నిండింది. తుప్పు, తాడు మీద బనీన్లు, వాన నీళ్ళు పట్టడానికి వరసగా పెట్టిన బకెట్లు. మనిషి జాడ లేదు. అంతలో తలుపులోంచి ఒకడు బయటికి వచ్చి, పైకి చూసి, లోపలికి పరిగెత్తాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు.

"అదిగో," అంది అక్క. "అదిగోరా, ఆ నడక నాకు తెలీదా."

అంటూనే నా భుజం పట్టుకుని ఊపేసింది. బొమ్మ పోయింది.

"వదులక్కా, చెప్పానా నీకు," అని కసిరాను. మళ్ళీ రేకుని ఓడకేసి తిప్పి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. బొమ్మ వచ్చింది.

ఈ లోపు వాళ్ళు డెక్కు మీద వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి కాళ్ళ దగ్గరా ఒక్కో సంచి. ఒకడు ఓడ పక్కనుంచి నిచ్చెన కిందికి దించుతున్నాడు. ఎవరూ చేతులూపడం లేదు. ఎందుకు ఊపడం లేదో నాకు ముందు అర్థం కాలేదు. బావ వరసలో చివర ఉన్నాడు. సగానికి సగం అయిపోయాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు, వేళ్ళతో జుట్టు సర్దుకున్నాడు. నేను కెమెరాని అటు తిప్పగానే నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు.

"ఎవరనుకుంటున్నార్రా మనల్ని?" అంది అక్క.

ఎవరనుకుంటారు? రేవు వాళ్ళనుకున్నారు. తలలు లెక్కపెట్టి దించడానికి వచ్చామనుకున్నారు. నా డ్రోనుకి కళ్ళున్నాయి గానీ నోరు లేదు. బ్యాటరీ సగానికి వచ్చింది. ఇంకాసేపుంటే తిరుగుదారిలో నీళ్ళలో పడిపోతుంది. వెనక్కి తిప్పాను. వెళ్ళిపోతున్న కొద్దీ వెనక వాళ్ళెలా ఉండిపోయారో నేను చూడలేదు, కెమెరా ఇటువైపు తిరిగిపోయింది.

ఆ పూట అక్క కంచం ముందు కూర్చుని లేచిపోయింది. నా దగ్గరున్న వీడియోని మళ్ళీ మళ్ళీ వేయించుకుంది.

"బతికే ఉన్నాడుగా అక్కా," అన్నాను.

"ఉన్నాడు," అంది. "నాకు సెల్యూట్ కొట్టాడు."

అది విని నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. నేనేదో ఘనకార్యం చేశాననుకున్నాను. ఎటూ కదల్లేని వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆశ పెట్టి వచ్చాను.

చీటీ పంపుదామని నేనే అన్నాను. సన్నటి కాగితం, దాని కింద బరువుకి ఒక చొక్కా గుండీ, కచ్చాకుట్లు వేసే దారంతో డ్రోను పొట్టకి వేలాడదీస్తే లాగగానే తెగి చేతికొస్తుంది. అక్క రాసింది, చింపింది, మళ్ళీ రాసింది. చివరికి నా చేతికిచ్చింది. "నేనే. తమ్ముడు మన మేడ మీద నుంచి పంపాడు. మొన్న వచ్చింది కూడా మేమే. మిమ్మల్ని దించడానికి ఎవరూ రావడం లేదు. నేను రోజూ తిరుగుతూనే ఉన్నాను. ఎండలో నిలబడకండి."

"ఎవరూ రావడం లేదన్న ముక్క తీసెయ్యి," అన్నాను. "అది చదివి ఏమైపోతారు వాళ్ళు?"

"ఆఫీసు వాళ్ళు చెప్పే అబద్ధాలు చాలవా, నేను కూడా చెప్పాలా?"

నేను కాగితం మడిచి గుండీ కట్టాను.

మళ్ళీ గాలి తగ్గిన పొద్దున ట్యాంకు ఎక్కాం. చీటీ ఊగుతుంటే డ్రోను ఆపసోపాలు పడుతూ పోయింది, బ్యాటరీ తొందరగా దిగుతోంది. ఓడ దగ్గరికి వెళ్ళేసరికి నిచ్చెన ఇంకా కిందికే వేలాడుతోంది. సంచులు డెక్కు మీదే ఉన్నాయి, తడవకుండా వాటి మీద ఒక పట్టా కప్పారు. లోపలికి తీసుకెళ్ళనే లేదన్నమాట. మోత వినగానే మనుషులు బయటికి వచ్చి మళ్ళీ అదే వరసలో నిలబడ్డారు.

డ్రోనుని బావ ముందుకి తీసుకెళ్ళి దించాను. ఆయన చెయ్యి చాచి కాగితం పట్టుకున్నాడు. దారం తెగింది. విప్పి చదివాడు. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత తలెత్తి తిన్నగా కెమెరాలోకి చూశాడు. ఇప్పుడు సెల్యూట్ చేయలేదు. ఒడ్డు వైపు తిరిగి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికాడు. ఇన్ని మేడల్లో మా మేడ ఏదో ఆయనకెలా తెలుస్తుంది? అక్క మాత్రం ట్యాంకు మీద నుంచి చెయ్యి ఊపింది. నన్ను ముట్టుకోకుండా, ఒద్దికగా ఊపింది.

ఆలోపే మిగతావాళ్ళు ఆయన చుట్టూ మూగారు. ఒకడు కాగితం అందుకోబోయాడు. బావ దాన్ని గబగబా మడిచి జేబులో పెట్టుకుని ఏదో అన్నాడు. రెండు మూడు మాటలే. పక్కనున్న ముసలాయన బావని గట్టిగా వాటేసుకున్నాడు. ఇంకొకడు టోపీ తీసి పైకి విసిరాడు. ఒకడు తన సంచి మీదే కూలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఒకళ్ళ వీపు ఒకళ్ళు తట్టుకుంటున్నారు.

"ఏంటక్కా ఇది," అన్నాను. "ఎవరూ రావట్లేదని చదివితే పండగ చేసుకుంటారేంటి వీళ్ళు?"

అక్క తెర మీదకి ఇంకా వంగింది. సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి, బొమ్మ అద్దంలా ఉంది. వాళ్ళందరిలో బావ ఒక్కడే నవ్వడం లేదు. జేబు మీద వేసిన చెయ్యి తీయడం లేదు. రెండో చేత్తో వాళ్ళని వరసలోకి సర్ది, తన సంచి తెచ్చుకుని, చివర్న తన చోట్లో నిలబడ్డాడు. రిమోటు కీచుమంటోంది, బ్యాటరీ అయిపోవచ్చిందని.

"వస్తున్నారని చెప్పాడురా వాళ్ళకి," అంది అక్క.