నీడలుతికే కథ ఎవరిది?

యూనివర్సిటీ లైబ్రరీ నేలమాళిగలో పత్రికలు కుట్టి అట్టలు వేసే ఆవిడని అందరూ బైండరమ్మ అనేవారు. పదహారేళ్లుగా పండితుల పత్రికలు కుట్టీ కుట్టీ, కుట్టే ముందు చదివీ చదివీ, వాళ్ల గుట్టంతా ఆమెకు తెలిసిపోయింది. ముప్పై పుటల వ్యాసంలో చెప్పే మాట ఒక్కటుంటుంది. తక్కినదంతా ఫుట్‌నోట్లు. అయితే ఈమధ్య వాటిల్లో వింత కథలు కూడా వెయ్యసాగారు. లేని లోకాల కథలు. వ్యాసం చెప్పలేనిది కథ చెబుతుందని ఆ పెద్దమనుషులకు ఇన్నాళ్లకు తట్టింది.

"మరి నా కథ వేస్తావా బావా?" అని అడిగేసింది. అక్క మొగుడు అలాంటి ఒక పత్రికకు సంపాదకుడు.

ఆమె కథలో ఒక లాండ్రీ ఉంది. చచ్చిపోయినవాళ్ల నీడల్ని అక్కడికి ఉతకడానికి తెస్తారు. ఒకరోజు ఉతికే మనిషి చేతిలో ఒక నీడ చిరిగిపోతుంది. ఆనాటి నుంచి ఊళ్లో బతికున్నవాళ్ల నీడలు కూడా ఇంటికి రావడం మానేస్తాయి. మూడేళ్లు పట్టింది రాయడానికి.

బావ ఏకబిగిన చదివి, "మరదలా, ఇన్నాళ్లూ ఆ జిగురు డబ్బా వెనక దాక్కున్నావే!" అన్నాడు. ఆమెకు నేల మీద కాలు నిలవలేదు.

"పేరు మాత్రం తీసెయ్యాలి. ఎవరు రాశారో తెలియకుండా ఇద్దరు చదువుతారు. బాగుందంటే పేరు తిరిగొస్తుంది. మా పద్ధతి అది."

పద్ధతి ఆమెకూ తెలుసు. తన పేరున్న అంచుని తానే కత్తితో నున్నగా కోసి, ఉన్న ఒక్క ప్రతీ ఇచ్చేసింది. పేరు లేని కాయితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదైపోతుందని తోచలేదు.

ఎనిమిది నెలలకు ఆ సంచిక కట్టలు ఆమె బల్ల మీదికే వచ్చాయి. విషయసూచికలో ఆమె పేరు లేదు. బావ వ్యాసం ఉంది: 'శ్రామిక స్త్రీలలో నీడ గురించిన నమ్మకాలు'. దాని చివర జోడింపుగా ఆమె కథ. నెత్తిన చిన్నక్షరాల్లో: 'బైండింగు పని చేసే ఒక స్త్రీ చెప్పగా రాసుకున్నది. ఇది నిజంగా జరిగిందని ఆమె నమ్ముతుంది.'

పుట తిప్పి చదివింది. వాక్యాలు కూడా తనవి కావు. 'అప్పుడేమో... ఆ నీడ ఉంది చూడండి... దాన్నేమంటారు...' అని నత్తి కొడుతున్నాయి. నిండు వాక్యాల మోకాళ్లు ఎవరో విరగ్గొట్టారు.

సంచిక చంకలో పెట్టుకుని తిన్నగా అక్క ఇంటికి వెళ్లింది.

"నాకు పిచ్చని అచ్చేయించావు బావా!"

"అరవకు. అట్టలు వేసే మనిషి కథ రాసిందంటే ఎవరు నమ్ముతారు? చదివే ఆ ఇద్దరూ..."

"పేరు తీసేశాక అట్టలు వేసే మనిషని వాళ్లకెలా తెలుస్తుంది?"

బావ కళ్లజోడు తుడుచుకున్నాడు. "అచ్చయిందిగా. దానికి సంతోషించు."

"ఈ నత్తి ఎవరు పెట్టారు?"

కంప్యూటరు ముందున్న అక్క తల దించుకుంది. బావ వ్యాసాలన్నీ టైపు కొట్టేది ఆవిడే.

"నోటితో చెప్పినట్టుండాలన్నారే," అంది అక్క. "చిన్నప్పుడు భయమేస్తే నువ్వలాగే మాట్లాడేదానివి. అది గుర్తు చేసుకుని కొట్టాను."

"నా భయం కూడా వాడేశావన్నమాట. నా కాయితాలేవీ?"

"చించేశాను. ఆయనే చించమన్నారు."

బైండరమ్మ చంకలోని సంచికను బల్ల మీద పడేసింది.

"సరే. నేను చెబుతా, మొదటి నుంచీ కొట్టు. ముందు నా పేరు."

అక్క వేళ్లు మీటల మీద ఆగాయి. తలెత్తి, కొట్టనా అన్నట్టు మొగుడి వంక చూసింది.

బావ చేసింది దొంగతనం. దొంగని తిట్టొచ్చు. ఈ చూపుని ఏమని తిట్టాలో బైండరమ్మకు తెలియలేదు. అక్క భుజం పట్టి లేపి, ఆ కుర్చీలో తాను కూర్చుంది. టైపు రాదు. ఏ అక్షరం ఎక్కడుందో తెలియదు.

"మరదలా, అందులో నా కొత్త వ్యాసం తెరిచి ఉంది, పాడు చెయ్యకు!" అంటూ బావ ముందుకొచ్చాడు.

ఆమె తల తిప్పలేదు. వెతికి వెతికి, ఆ వ్యాసం నెత్తిన తన పేరులోని మొదటి అక్షరం కొట్టింది.