తప్పిన చిటికి

సైదులు బడి నుంచి తెచ్చిన చీటీని తల్లి అండాలు చదవలేదు, ఆమెకు చదువు రాదు. "పదిహేను రోజులు బడికి రావద్దన్నరే అమ్మా" అని వాడు అనగానే నూలు కింద పడేసి, కొంగు నడుముకు చెక్కి లేచింది. రంగు చేతులైనా కడుక్కోకుండా వాణ్ణి వెంటబెట్టుకొని బడికి నడిచింది.

మూడేళ్ల కింద, ఎనభై అయిదులో, పెద్దకొడుకు ఐలేశం కూడా ఇట్లాంటి చీటీయే తెచ్చాడు. తోటిపిల్లవాణ్ణి కొట్టాడట. పెద్ద సారుకు తెలియదా అనుకొని ఆమె నోరు మూసుకుంది. ఆ పదిహేను రోజుల్లో వాడికి పోచంపల్లి బస్టాండు అలవాటైంది, జేబులు కొట్టే జతగాళ్లు దొరికారు. మళ్లీ బడి ముఖం చూడలేదు. ఇప్పుడు పట్నంలో పిల్లల జైల్లో ఉన్నాడు. ఆనాటి తన మౌనం గుర్తొస్తే అండాలుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హెడ్మాస్టరు రామచంద్రం తన గదిలో కొత్తగా సున్నం వేసిన గోడ చూపించాడు. దాని మీద ఎర్రటి అరచేతి గుర్తులు. "నీ కొడుకు చేతులు జూడు. ఇంకేం సాక్ష్యం గావాలె?"

అండాలు మోచేతుల దాకా ఎర్రబడ్డ తన చేతులు ఆయన ముందు చాపింది. "నూలుకు ముడులేసి రంగుల ముంచే చిటికి పని సారూ మాది. గీ బడిల ఎర్రచేతులు లేని పోరడెవడో జర చూపియ్యి!"

కిటికీ దగ్గర పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ ధీమాతోనే ఆమె సైదులు చెయ్యి పట్టి గోడ మీది గుర్తుకు ఆనించింది. అయిదు వేళ్లూ అచ్చంగా సరిపోయాయి.

అండాలు ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. గొంతు మాత్రం తగ్గలేదు.

"వీడే సారూ. గోడకు వీనితోనే సున్నమేయిస్త. గని బడి బంద్ జెయ్యకు. చిటికిల ఒక్క ముడి తప్పితే అప్పుడు కనబడది, మగ్గమెక్కినంక పువ్వు వంకర పోతది. మా పెద్దోన్ని పోలీసులు పట్టుకపోయిన నాడు ఊరంత వాన్నే తిట్టింది. ముడి తప్పింది గీ గదిల. నువ్వు చీటీ రాసినవ్, నేను నోరు మూసుకున్న."

రామచంద్రం సైదులు చేతిలోని చీటీ అందుకున్నాడు. ఐలేశం చీటీ మీదా ఇదే సంతకం. దాన్ని నాలుగు ముక్కలు చేసి, "పో, తరగతిల కూసో. బడి ఇడిసినంక సున్నమెయ్యి" అన్నాడు సైదులుతో.

అండాలు మెట్టు దిగబోయి ఆగింది. "దసరాకు ఐలేశాన్ని ఇడుస్తరంట. ఆరో తరగతిల జాగ ఉంచు సారూ. నేనే తోలుకొస్త."

ఆమె అడగడం లేదు, చెబుతోంది. అది రామచంద్రానికీ తెలిసింది.

"తీసుకరా అమ్మా" అన్నాడు.